లాగరిథముల నేపియరు వంశవృక్షము

గణితము చదివిన ప్రతి విద్యార్థియు జాన్ నేపియరు పేరు వినియుండును. 1614లో ఆయన ప్రకటించిన లాగరిథములు కష్టమైన గుణకారములను తేలికపాటి కూడికలుగా మార్చినవి. కాని తన కాలములో ఆయన ముఖ్యముగా ఒక భూస్వామి. స్కాట్లండులో ఎడింబరో నగరము చెంతనున్న మర్చిస్టన్ కోటకు ఎనిమిదవ అధిపతి. ఆ కోట బురుజు నేటికిని ఆయన పేరుగల విశ్వవిద్యాలయపు ఆవరణలో నిలిచియున్నది. అట్టి వంశముయొక్క తరములను నాలుగైదువందల ఏండ్ల తరువాత ఏ ఆధారముతో నిర్ణయించుట? ఇది చరిత్రకారుని ప్రశ్నయే అయినను, దీనికి సమాధానము వెదకు పద్ధతి శాస్త్రజ్ఞుని పద్ధతియే.

కథ, సాక్ష్యము

ఈ వంశములో ఒక కథ ప్రచారములో నుండెడిది. పూర్వమొక యుద్ధములో స్కాట్లు వెనుదిరిగిన వేళ లెనాక్స్ ప్రభువు కుమారుడు డోనాల్డ్ తండ్రి జెండాను అందుకొని శత్రువులపైకి దూకి విజయము సాధించెనట. రాజు మెచ్చి, అతనికి ‘నే పియర్’, అనగా సాటిలేనివాడు, అని పేరిచ్చెనట. నేపియరుల కులచిహ్నము లెనాక్సుల చిహ్నమును పోలియుండుట ఈ కథకు బలమిచ్చినది.

ఇక దస్తావేజుల మాట చూడుడు. 1296లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు స్కాట్లండు భూస్వాములచేత విధేయతా ప్రమాణము చేయించి వారి పేర్లు వ్రాయించినాడు. ‘రాగ్మన్ రోల్’ అను ఆ పట్టికలో డంబార్టన్ మండలమువాడు జాన్ లె నేపర్ కనబడుచున్నాడు. దూరమున ఫర్ఫార్ ప్రాంతములో మాథ్యూ లె నేపర్ అని మరొకడున్నాడు. ఫ్రెంచిభాషలో ‘నాప్’ అనగా భోజనపు బల్లపై పరచు గుడ్డ. ప్రభువుల ఇండ్లలో అట్టి గుడ్డలను కాపాడు ఉద్యోగియే ‘నేపర్’. పదవి పేరే ఇంటిపేరైనదన్నమాట. కావుననే వేరువేరు తావులలో వేరువేరు మనుష్యులకు అది కలిగినది. చిహ్నముల పోలికకు రక్తసంబంధమే కారణము కానక్కరలేదు. ప్రభువు క్రింద భూమి ననుభవించువారు ఆయన చిహ్నమును పోలిన చిహ్నము ధరించుట ఆ దేశములో సామాన్యము.

మర్చిస్టన్ శాఖకు మూలపురుషుడు అలెగ్జాండరు నేపియరు, ఎడింబరో వర్తకుడు, 1437లో నగరాధ్యక్షుడు. రాజుకిచ్చిన అప్పునకు హామీగా మర్చిస్టన్ భూమి అతని చేతికి వచ్చినది. ఇతనికిని 1296 నాటి జానుకును నడుమ నూరేండ్లకు పైబడిన ఎడమున్నది. దానిని పూరించు రుజువు లేనందున జాగ్రత్తగల పరిశోధకుడు అక్కడ గీత గీయడు.

భూమియే సాక్షి

భూస్వాముల వంశములను గుర్తించుటకు స్కాట్లండులో మంచి ఆధారములున్నవి. భూమి చేతులు మారినప్పుడెల్ల కాగితము పుట్టెడిది. పూర్వము క్రొత్త హక్కుదారుని చేతిలో ఆ నేలపైని మట్టిని, రాతిని పెట్టి, సాక్షుల ఎదుట ‘సేసిన్’ అను స్వాధీనపత్రము వ్రాసెడివారు. 1617లో, అనగా జాన్ నేపియరు మరణించిన యేటనే, ఇట్టి పత్రములకు దేశమంతటికిని రిజిస్టరు ఏర్పడినది.

రెండవది ‘రిటూర్’. భూస్వామి చనిపోగానే వారసుడు తన హక్కును రుజువు చేయవలయును. స్థానికులతో కూడిన జ్యూరీ విచారించి, చనిపోయినదెవరు, భూములేవి, సక్రమమైన సమీపవారసుడెవడు, అతనికి వయసు వచ్చినదా అను విషయములను రాజకార్యాలయమునకు తెలియజేసెడిది. వీని సంగ్రహములు 1811 మొదలు 1816 వరకు అచ్చయినవి. కీర్తికొరకు చెప్పుకొను కథకన్న, ఆస్తికొరకు ఇరుగుపొరుగు ఎదుట నిలిచిన మాట బలవత్తరము.

చర్చి రిజిస్టర్లలో మిగిలినవానిలో అన్నిటికన్న పాతది, ఎరల్ గ్రామమునకు చెందినది, 1553లో మొదలగుచున్నది. ప్రభుత్వ జనన మరణ నమోదు 1855లో గాని రాలేదు. 1550లో పుట్టిన జాన్ నేపియరు జననమునకు ఇట్టి నమోదు దొరకదు. ఇచట భూపత్రములే దిక్కు. ఆయన ముత్తాత 1513లో ఫ్లాడెన్ యుద్ధమునందును, తాత 1547లో పింకీ యుద్ధమునందును మరణించిరి. తండ్రి ఆర్చిబాల్డు అప్పటికి బాలుడు. అయినను 1548లో రాజానుమతిపై భూములు స్వాధీనపరచుకొన్నాడు. ఆర్చిబాల్డు జననము 1534. కుమారుడు పుట్టునాటికి అతనికి పదునారేండ్లే. తొలిచూపున ఇది తప్పుగా తోచును. కాని లెక్క నిజమే.

జాగ్రత్తలు

ఒకే మనిషి పేరు నేపేర్, నెపెయిర్, నెపర్ అని పలురీతుల కనబడును. స్పెల్లింగు భేదమునుబట్టి వేరు మనిషి యనరాదు. 1600కు పూర్వము స్కాట్లండులో సంవత్సరాది మార్చి 25. కావున 1590 ఫిబ్రవరి అని వ్రాసినది మన లెక్కకు 1591. భార్యలు పుట్టింటి పేరుతోనే దస్తావేజులలో కనబడుట మాత్రము మేలు. జాన్ తల్లి జానెట్ బాత్‌వెల్ అట్లే తెలియుచున్నది. దస్తావేజు లేనంతమాత్రమున సంఘటన జరుగలేదనుటయు పొరపాటే. క్రాంవెల్ కాలములో లండనుకు తరలిన స్కాట్లండు రికార్డులలో అనేకము 1660లో తిరిగి వచ్చుచు, తుపానులో ఓడతో సహా మునిగిపోయినవి.

నేడు కొందరు డి.ఎన్.ఏ. పరీక్షను నమ్ముకొనుచున్నారు. తండ్రి నుండి కొడుకునకే సంక్రమించు వై-క్రోమోజోము మగసంతతిని తెలుపగలదు. కాని ఇంటిపేరు దానితోపాటే సాగునని నిశ్చయము లేదు. మూడవ నేపియరు ప్రభువు 1683లో పెండ్లి కాకయే మరణింపగా, బిరుదము ఆయన సోదరి కుమారునకును, తరువాత మరియొక సోదరి మార్గరెట్టుకును సంక్రమించినది. 1706లో ఆమె మనుమడు ఫ్రాన్సిస్ స్కాట్ దానిని పొంది నేపియరు పేరు ధరించినాడు. పేరు నిలిచినది, పురుషధార మారినది. దస్తావేజులను చూడక రక్తమును మాత్రమే పరీక్షించువాడు ఇక్కడ దారితప్పును.

ఈ ఫ్రాన్సిస్ ప్రభువే జాన్ నేపియరు జీవితచరిత్ర వ్రాయదలచి, హిందువుల గణితజ్ఞానమునుగూర్చి సమాచారము సేకరించుపనికి యువకుడైన కాలిన్ మెకంజీని నియోగించెనని ఆ ప్రభువు దౌహిత్రుడు సర్ అలెగ్జాండరు జాన్‌స్టన్ 1832లో తెలిపినాడు. ప్రభువు 1773లో మరణించినాడు. 1783లో మన దేశమునకు వచ్చిన మెకంజీ, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయముతో గ్రామ కైఫీయతులను, శాసనములను సేకరించినాడు. మార్క్ నేపియరు వంశపు పెట్టెలలోని పత్రములు చూచి 1834లో ఆ జీవితచరిత్రను ప్రకటించినాడు.

తండ్రి, కొడుకు అని గీసిన ప్రతి గీతకును ఆనాటి పత్రమొకటి చూపవలయును. చూపలేనిచోట ఖాళీ విడువవలయును. వంశవృక్షమునకు గౌరవము దాని పొడవులో లేదు, ఈ నియమములో నున్నది.