చచ్చిందన్న భాషే అన్నం పెడుతోంది!

గన్‌ఫౌండ్రీ, హైదరాబాద్: ఆదివారం వచ్చిందంటే గన్‌ఫౌండ్రీ పక్కనే ఉన్న ఆబిడ్స్‌లో చాలా దుకాణాల షట్టర్లు దిగిపోతాయి. ఆ షట్టర్ల ముందు ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాల కుప్పలు వెలుస్తాయి. నవలలు, పోటీ పరీక్షల గైడ్లు, ఇంజినీరింగు పాఠ్య పుస్తకాల నడుమ కంప్యూటరు భాషల పుస్తకాలు కూడా కనిపిస్తాయి. ఒకప్పుడు వందలు పోసి కొన్నవే అవన్నీ. పల్లెల నుంచి వచ్చి నగరంలో అద్దె గదుల్లో ఉండే కుర్రాళ్ళు ఆ కుప్పల ముందు గొంతుక్కూర్చుని పేజీలు తిరగేస్తుంటారు. వాళ్ళను వేధించే ప్రశ్న ఒక్కటే. "ఇప్పుడు ఏ భాష నడుస్తోంది?"

ఊళ్ళో ఉన్న తల్లిదండ్రుల ప్రశ్న కూడా అదే. పంట అమ్మిన డబ్బో, వడ్డీకి తెచ్చిన డబ్బో కోర్సు ఫీజుకు కట్టాలి. "జావా పని అయిపోయింది, పైథాన్‌లో చేర్పించండి" అంటాడొకాయన. "ఇక ప్రోగ్రాములు రాసే పనే ఉండదట" అంటాడు ఇంకొకాయన. ఏ మాట నమ్మాలో తెలియక ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. విచిత్రమేమిటంటే, ఇదే వార్త చదివి ఆ పని చేసే ప్రోగ్రామర్లు మాత్రం నవ్వుకుంటారు. ఆ నవ్వు వెనుక సంగతి తెలిస్తే ఫీజు కట్టే ముందు ఒక్క క్షణం ఆగి ఆలోచించవచ్చు.

సంతలో ఎద్దు సామెత

కంప్యూటరు తనంతట తాను ఏ పనీ చేయదు. ఏం చేయాలో వరుసగా రాసి ఇవ్వాలి. ఆ రాతకు వాడేదే ప్రోగ్రామింగు భాష. ఇలాంటి భాషలు వందల సంఖ్యలో ఉన్నాయి. వీటిలో ఏది ముందుంది, ఏది వెనకబడింది అని నెలనెలా లెక్క ప్రకటించే సంస్థ ఒకటి నెదర్లాండ్స్‌లో ఉంది. దాని పేరు టయోబి. 2001 నుంచి ఈ పట్టిక వెలువడుతోంది. సుమారు 20 ఏళ్ళ పాటు మొదటి స్థానం జావా, సి భాషల మధ్యనే చేతులు మారింది. 2021 అక్టోబరులో పైథాన్ తొలిసారిగా ఆ స్థానాన్ని చేజిక్కించుకుంది. వెంటనే "జావా శకం ముగిసింది" అన్న వార్తలు గుప్పుమన్నాయి.

అయితే ఆ లెక్క ఎలా కడతారన్నది చాలామందికి తెలియదు. ఇంటర్‌నెట్‌లో వెతికినప్పుడు ఒక్కో భాష పేరు ఎన్ని పేజీల్లో తగులుతుందన్నదే దానికి ఆధారం. ఆ భాషతో ఎంత పని జరిగిందన్నది లెక్కలోకి రాదు. పొగిడిన పేజీ, తిట్టిన పేజీ రెండూ ఒకటే. సంతలో ఏ ఎద్దు గురించి ఎక్కువ మాటలు వినిపించాయో లెక్కపెట్టి, ఆ ఎద్దే ఎక్కువ ఎకరాలు దున్నిందని తేల్చినట్లుంటుంది. "మా భాషను నాలుగు తిట్లు తిట్టండి, పట్టికలో పైకి వస్తుంది" అని ప్రోగ్రామర్లు ఎకసెక్కాలాడటం అందుకే.

సి ప్లస్ ప్లస్ భాషను సృష్టించిన డెన్మార్క్ దేశీయుడు బియార్నె స్ట్రౌస్ట్రప్ కూడా ఇలాంటి మాటే అన్నాడు. భాషలు రెండే రకాలట. జనం తిట్టుకునేవి ఒక రకం, ఎవరూ వాడనివి రెండో రకం.

పుట్టగానే సమాధి రాయి

ఈ వేళాకోళం నిన్నమొన్నటిది కాదు. 1959లో అమెరికా రక్షణ శాఖ చొరవతో వ్యాపార లెక్కల కోసం కోబాల్ అనే భాషను తయారు చేయడానికి ఒక సంఘం ఏర్పడింది. పని నత్తనడక నడిచింది. ఇది బతికి బట్టకట్టదని పలువురు పెదవి విరిచారు. విసిగిపోయిన హోవర్డ్ బ్రామ్‌బర్గ్ అనే సభ్యుడు 1960లో ఒక సమాధి రాయి కొని, దాని మీద "కోబాల్" అని చెక్కించి, రక్షణ శాఖ అధికారి చార్లెస్ ఫిలిప్స్‌కు పంపించాడు. ఆ రాయి కాలిఫోర్నియాలోని కంప్యూటరు చరిత్ర మ్యూజియానికి చేరింది.

రాయి మ్యూజియంలో ఉంది గానీ, కోబాల్ మాత్రం సమాధిలోకి పోలేదు. పాతకాలపు ప్రోగ్రాముల్లో చోటు ఆదా చేయడానికి సంవత్సరాన్ని చివరి రెండంకెలతోనే రాసేవారు. 2000 వస్తే కంప్యూటరు దాన్ని 1900 అనుకుంటుందన్న భయం ప్రపంచమంతా పాకింది. ఆ లక్షలాది వరుసలు సరిదిద్దడానికి మనుషులు కావలసి వచ్చారు. 1990ల చివర ఎందరో తెలుగు కుర్రాళ్ళు కోబాల్ నేర్చుకుని అమెరికా విమానం ఎక్కారు. 2000 సంవత్సరం నిరపాయంగా గడిచింది. ఆ వెంటనే అమెరికాలో కంప్యూటరు కంపెనీల బుడగ పేలింది. వార్త వెంట పరుగెత్తి ఆ ఒక్క పనే నేర్చుకున్నవాళ్ళు చిక్కుల్లో పడ్డారు. దాని వెనుక ఉన్న విద్య తెలిసినవాళ్ళు మరో భాషకు మారి నిలదొక్కుకున్నారు.

కథ అంతటితో అయిపోలేదు. 2020 ఏప్రిల్‌లో కరోనా వల్ల ఉపాధి పోయినవాళ్ళ దరఖాస్తులు వెల్లువెత్తడంతో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో 40 ఏళ్ళు దాటిన కంప్యూటరు వ్యవస్థ తట్టుకోలేకపోయింది. కోబాల్ తెలిసినవారు ముందుకు రావాలని ఆ రాష్ట్ర గవర్నరు బహిరంగంగా కోరాడు. చచ్చిందన్న భాష కోసం సర్కారే చాటింపు వేయించినట్లయింది.

కారుకూ కారానికీ చుట్టరికం

పేర్లు చూసి మోసపోయే వాళ్ళ మీద కూడా జోకులు ఉన్నాయి. జావా, జావాస్క్రిప్టు ఒకటేనా అని కొత్తవాళ్ళు అడుగుతారు. కారుకూ కారానికీ ఎంత చుట్టరికమో వాటికీ అంతే. 1995లో బ్రెండన్ ఐక్ అనే ఆయన పది రోజుల్లో ఒక భాష తొలి రూపం తయారు చేశాడు. అప్పట్లో జావా పేరు మారుమోగుతుండటంతో, ఆ ఊపు అందుకోవడానికి దానికి జావాస్క్రిప్టు అని పేరు పెట్టారు. ఇక పైథాన్ అంటే కొండచిలువే గుర్తుకు వస్తుంది. నిజానికి దాన్ని సృష్టించిన గైడో వాన్ రోసమ్ ఆ పేరును ఒక బ్రిటిష్ హాస్య కార్యక్రమం నుంచి తీసుకున్నాడు. అంటే పట్టికలో మొదటి స్థానం కొట్టిన భాష పేరే ఒక జోకు!

ఉద్యోగ ప్రకటనల తంతు మరీ చోద్యం. ఫాస్ట్ ఏపీఐ అనే పనిముట్టును తయారు చేసిన సెబాస్టియన్ రామిరెజ్ 2020లో ఒక ప్రకటన చూశాడు. అందులో నాలుగేళ్ళ అనుభవం అడిగారు. ఆయన దాన్ని తయారు చేసి అప్పటికి ఏడాదిన్నరే అయింది. కన్నతండ్రికే అర్హత లేదని తేల్చారన్నమాట. ఇలాంటి ప్రకటన చూసి పల్లె కుర్రాడు తానే పనికిరానివాణ్ణని కుంగిపోతే, ఆ తప్పు కుర్రాడిది కాదు.

కొత్త వార్త - పాత భయం

తాజాగా మరో తుపాను రేగింది. 2022 నవంబరులో చాట్ జీపీటీ వచ్చింది. మాటల్లో అడిగితే ప్రోగ్రాము రాసి పెడుతుంది. 2023 జనవరిలో ఆండ్రే కర్పాతీ అనే పేరుపొందిన నిపుణుడు, అన్నిటికన్నా గిరాకీ ఉన్న కొత్త ప్రోగ్రామింగు భాష ఇంగ్లీషేనని చమత్కరించాడు. 2024 ఫిబ్రవరిలో ఎన్విడియా సంస్థ అధిపతి జెన్సన్ హువాంగ్ దుబాయ్ సభలో మాట్లాడుతూ, ఎవరూ ప్రోగ్రామింగు నేర్చుకోనక్కరలేని రోజు తేవడమే తమ పని అన్నాడు. అప్పు చేసి పిల్లవాణ్ణి చదివిస్తున్న ఇంట్లో ఈ వార్త పిడుగులాంటిదే.

దీనికీ ప్రోగ్రామర్ల దగ్గర జోకు సిద్ధంగా ఉంది. "తనకు ఏం కావాలో తేటగా చెప్పగల ఖాతాదారు దొరికిన రోజున మా ఉద్యోగాలు పోతాయి. కాబట్టి మాకు ఢోకా లేదు" అంటారు. ఈ నవ్వులో కొంత బెరుకు లేకపోలేదు. చిన్నచిన్న పనులను యంత్రం లాగేసుకుంటోందని వాళ్ళకూ తెలుసు. కానీ అందులో ఉన్న నిజం కూడా తీసిపారేయదగ్గది కాదు. అడగవలసింది విడమరచి అడగడం, వచ్చిన జవాబులో తప్పు పట్టుకోవడం మనిషే నేర్చుకోవాలి.

ఆ విద్య ఏ ఒక్క భాషకో చెందింది కాదు. "ట్యాంకు నిండేదాకా మోటారు నడుపు. నీళ్ళు అందకపోతే ఆపు." ఇది రైతుకు తెలిసిన ఆలోచనే. కోబాల్‌లో రాసినా, పైథాన్‌లో రాసినా ఈ "అయితే", "అయ్యేదాకా" అన్నవి మారవు. అవి ఒంటబట్టినవాడికి రెండో భాష నేర్చుకోవడం మొదటిదానంత కష్టం కాదు.

బోర్డు మారినా లెక్క మారదు

ఈ సంగతి గన్‌ఫౌండ్రీని చూసినా తెలుస్తుంది. 18వ శతాబ్దం చివర నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ ఇక్కడ తోపుల కార్ఖానా నడిపించాడు. అందుకే ఈ పేటకు ఆ పేరు వచ్చింది. తోపులు పోయాయి. 1942లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు తొలి శాఖ ఇక్కడే తెరుచుకుంది. తర్వాత అది స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. బోర్డులు మారాయి గానీ అసలు, వడ్డీల కూడికలు మారలేదు.

నిరుడు మిర్చికి ధర పలికిందని ఈ ఏడు ఊరంతా మిర్చే వేస్తే ఏమవుతుందో రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. కోర్సుల సంగతీ అంతే. పిల్లవాణ్ణి చేర్పించే ముందు "ఏ భాష నడుస్తోంది?" అని కాక, "వీడి చేత సొంతంగా ప్రోగ్రాము రాయిస్తారా? తప్పు వస్తే వెతకడం నేర్పుతారా?" అని అడగాలి. దానికి సూటిగా జవాబు వచ్చిన చోటే ఫీజు కట్టాలి. పట్టికలో వచ్చే నెల ఏ భాష ముందుకొచ్చినా అప్పుడు ఆ ఇంట్లో కంగారు ఉండదు. ప్రోగ్రామర్లతో పాటు వాళ్ళూ నవ్వుకోవచ్చు.