సుగ్గికి పోయే టీచరు

మా గూడూరు చుట్టుపక్కల సుగ్గికి, అంటే వలస కూలికి, పోయేవాళ్లు కూలి ఎంతో తెలుసుకుని ఊరుకోరు. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి బండి ఎక్కకముందే మేస్త్రీని నిలదీస్తారు: ఉండటానికి చోటేది, నీళ్లెక్కడివి, డబ్బు చేతికెప్పుడొస్తుంది? బడి మొహం చూడనివాళ్లకే ఇంత జాగ్రత్త ఉంది. ఎంఏ, బీఈడీ చదివి మాల్దీవులకు ఇంగ్లిష్ టీచర్లుగా బయల్దేరే మన పిల్లలు మాత్రం జీతం అంకె చూసి సంతకం పెట్టేస్తుంటే నాకు దిగులేస్తుంది.

అసలు ఆ దేశానికి బయటి టీచర్లెందుకు? మాలేలోని ప్రభుత్వ బడులు 1960ల మొదట్లో ఇంగ్లిష్ మీడియానికి మారాయి. ఇప్పుడు దివేహి భాష, ఇస్లాం పాఠాలు తప్ప దాదాపు అన్నీ ఇంగ్లిష్‌లోనే చెబుతారు. జనాభా చూస్తే సుమారు 5 లక్షలు. ఆ కొద్దిమందీ దాదాపు 190 దీవుల్లో చెదిరి ఉన్నారు. పిల్లలు ఎంత తక్కువున్నా దీవికో బడి కావాలి, సబ్జెక్టుకో టీచరు కావాలి. అందుకే మొదట శ్రీలంక నుంచి, తర్వాత మన దేశం నుంచి టీచర్లను పిలిపించుకుంటూ వచ్చారు.

వెళ్లినవాళ్లకు మొదటి దెబ్బ తగిలేది తరగతి గదిలోనే. మన దగ్గర ఇంగ్లిష్ పాఠం సగానికి పైగా తెలుగులో నడుస్తుంది. ఆదోని బడిలో 'హార్వెస్ట్' అనే మాట వస్తే "పత్తి తీస్తాం కదప్పా, అదే" అంటే చాలు, పిల్లలు తలూపుతారు. ఆ దీవిలో పత్తిచేనూ లేదు, తెలుగూ లేదు. అక్కడి పిల్లలకు తెలిసింది సముద్రం. వాళ్లు 'ధోనీ' అనే పడవ పొద్దున ఖాళీగా వెళ్లడం, సాయంత్రం చేపలతో నిండి రావడం బోర్డు మీద గీయాలి. దాని పక్కనే విత్తిన చేను, కోసిన చేను గీయాలి. అప్పుడు అర్థమవుతుంది. నా దృష్టిలో ఇది కష్టం కాదు, టీచరుగా మళ్లీ పుట్టడం.

ఉచ్చారణ సంగతి కూడా ముందే తెలుసుకుని వెళ్లాలి. మన నోట ఇంగ్లిష్ మాట అచ్చుతో ముగుస్తుంది: బస్సు, బుక్కు, టెస్టు. 'జూ', 'జీరో' అన్నప్పుడు మనం పలికేది మన జకారమే, ఇంగ్లిష్ జెడ్ కాదు. దివేహిలో ఆ జెడ్ ధ్వని ఉంది కాబట్టి పిల్లలు తేడా ఇట్టే పట్టేస్తారు. చిన్నబుచ్చుకోవద్దు. ఇంట్లోనే ఫోన్‌లో గొంతు రికార్డు చేసుకుని, విని, దిద్దుకుంటే సరిపోతుంది.

వాళ్ల భాష కొంతైనా నేర్చుకోండి. తానా లిపిని కుడి నుంచి ఎడమకు రాస్తారు. కానీ అక్షరానికి పైనా కిందా గుర్తులు పెట్టి అచ్చులు చూపడం మన గుణింతం లాంటిదే. అందులో మొదటి తొమ్మిది అక్షరాలు అరబ్బీ అంకెల నుంచి పుట్టాయి. నీళ్లను వాళ్లు 'ఫెన్' అంటారు. మన 'పానీయం' అనే మాటకు అది చుట్టమే, పకారం ఫకారమైందంతే. తెలుగు, కన్నడ, ఉర్దూ కలగలిసిన ఆదోని బజారులో పెరిగినవాళ్లకు ఇంకో భాష బరువు కాదు.

రోజువారీ బతుకు త్వరగానే అలవాటవుతుంది. గడియారం మనకంటే అరగంట వెనక. సెలవులు శుక్ర, శనివారాలు. ఆదివారం బడి ఉంటుంది. తిండి అంటే బియ్యం, చేప. కూరగాయలు పడవ మీద రావాలి, జొన్నరొట్టె, ఉగ్గాని మీద ఆశ వదులుకోవాలి. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి: అక్కడ ఇస్లాం తప్ప మరో మతాన్ని బహిరంగంగా ఆచరించడానికి వీల్లేదు, పూజా విగ్రహాలు తీసుకెళ్లడం నిషేధం. ఇష్టం ఉన్నా లేకున్నా అది ఆ దేశపు చట్టం. దేవుడి పటం పెట్టెలో సర్దే అమ్మకు ఈ మాట ముందే చెప్పండి.

ఇక డబ్బు. జీతం రుఫియాల్లో ఇస్తారు. అధికారిక లెక్కలో ఒక డాలరుకు 15.42 రుఫియాలు. ఆ దేశానికి డాలర్ల కొరత ఉండటంతో నెలకు ఇంతకు మించి పంపకూడదని బ్యాంకులు పరిమితి పెడతాయి, ఆ పరిమితిని మారుస్తూ ఉంటాయి. చేతిలో జీతం ఉన్నా ఎమ్మిగనూరులో అప్పు కంతు కట్టలేని పరిస్థితి రావచ్చు. అందుకే జీతం ఎంత అని అడిగే ముందు, అందులో ఎంత ఇంటికి పంపగలం అని అడగాలి. ఇంటి అద్దె ఎవరిది, ఏడాదికోసారి వచ్చిపోయే టికెట్ ఎవరిది అన్నవి ఒప్పంద పత్రంలో రాతపూర్వకంగా ఉండాలి. ఫోన్‌లో చెప్పిన మాట పనికిరాదు.

ఏజెంటుకు రూపాయి ఇచ్చే ముందు అతని పేరు విదేశాంగ శాఖవారి ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో చూడండి. చట్టప్రకారం ఏజెంటు తీసుకోగలిగింది గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే వెనక్కి తిరిగి రండి. వెళ్లేటప్పుడు ఒప్పందం, పాస్‌పోర్టు నకళ్లు ఒక జత ఇంట్లో, చదవగలిగినవాళ్ల చేతిలో పెట్టి వెళ్లండి.