పక్షికీ మనకూ మధ్య దూరం: వన్యప్రాణి ఛాయాచిత్రణంలో టెలిఫోటో లెన్సు ఎంపిక

వ్యాససంగ్రహం:
వన్యప్రాణుల ఛాయాచిత్రణానికి టెలిఫోటో లెన్సును ఎన్నుకునేటప్పుడు ధర, నాభ్యంతరం, బరువు అనే అంశాలే ఎక్కువగా చర్చకు వస్తాయి. పక్షి ప్రవర్తన మారకుండా ఎంత దూరంలో నిలబడగలమన్నది వాటికంటే ముందు రావలసిన ప్రశ్న. ఆ దూరాన్ని మొదట నిర్ణయించుకొని, దాని ఆధారంగా లెన్సును లెక్కగట్టే పద్ధతిని ఉత్తరాంధ్ర ఉదాహరణలతో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: టెలిఫోటో లెన్సు, నాభ్యంతరం, రామతీర్థం, తేలినీలాపురం, గూడబాతు.

1. ఉపోద్ఘాతం

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని రామతీర్థం రామాలయానికీ, గురుభక్తులకొండపై ఉన్న బౌద్ధ శిథిలాలకూ ప్రసిద్ధి. కొండ, పొలం, నీటి చెలమ ఒకచోట ఉండే ఇటువంటి ప్రాంతాల్లో ఛాయాచిత్రకారునికి ఎదురయ్యేవి ఎక్కువగా లకుముకి పిట్ట వంటి చిన్న పక్షులు. ఇక్కడి నుంచి ఈశాన్యంగా శ్రీకాకుళం జిల్లాలోకి సాగితే టెక్కలి మండలంలో తేలినీలాపురం ఉంది. అక్కడి చెట్లపై గూడబాతులు, అంటే పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. ఇంకా ఉత్తరాన, ఇచ్ఛాపురం సమీపంలోని తేలుకుంచిలో నత్తలను తినే ఓపెన్‌బిల్ కొంగలు ఊరి నడుమనే పిల్లలను పెంచుతాయి. చిన్న పక్షికి ఒక లెన్సు, పెద్ద పక్షికి మరొక లెన్సు కావాలన్న అభిప్రాయం సాధారణంగా వినిపిస్తుంది. అది ఎంతవరకు సరైనదో పరిశీలిద్దాం.

2. టెలిఫోటో అనగా

నాభ్యంతరం ఎక్కువగా ఉన్న ప్రతి లెన్సునూ టెలిఫోటో అనడం వాడుక. సాంకేతికార్థంలో టెలిఫోటో ఒక నిర్మాణ పద్ధతి. ముందుభాగంలో కాంతిని కేంద్రీకరించే కటకాల సముదాయం, వెనుక కాంతిని కొంత వికేంద్రీకరించే సముదాయం ఉండటం వల్ల లెన్సు పొడవు దాని నాభ్యంతరం కంటే తగ్గుతుంది. 1891లో ఇంగ్లండులో థామస్ డాల్‌మేయర్, జర్మనీలో అడోల్ఫ్ మీథే ఇటువంటి నిర్మాణాలను విడివిడిగా రూపొందించారు. 600 మిల్లీమీటర్ల లెన్సును భుజాన వేసుకొని కొండ ఎక్కగలగడానికి మూలం ఈ నిర్మాణమే.

3. దూరం నుంచి నాభ్యంతరానికి

దూరంగా ఉన్న వస్తువు ప్రతిబింబం సెన్సారుపై ఎంత పరిమాణంలో పడుతుందో తెలుసుకోవడానికి ఒక సులభ సూత్రం ఉంది. వస్తువు పరిమాణాన్ని నాభ్యంతరంతో గుణించి, దూరంతో భాగించాలి. సుమారు 17 సెంటీమీటర్ల నిడివి గల లకుముకి పిట్ట 15 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. 600 మి.మీ. లెన్సుతో దాని ప్రతిబింబం 6.8 మి.మీ. ఉంటుంది. గూటిపై నిలిచిన గూడబాతు ఎత్తు 1 మీటరు అనుకుంటే, 90 మీటర్ల దూరం నుంచి అదే లెన్సుతో దాని ప్రతిబింబం 6.7 మి.మీ. ఉంటుంది. అంటే దగ్గరలోని చిన్న పక్షి, దూరంలోని పెద్ద పక్షి లెన్సును ఒకే విధంగా పరీక్షిస్తాయి. పక్షి పరిమాణానికీ దూరానికీ మధ్య ఉన్న నిష్పత్తే ఇక్కడ ప్రధానం.

ఫుల్‌ఫ్రేమ్ సెన్సారు ఎత్తు 24 మి.మీ. అందులో 6.7 మి.మీ. అంటే చిత్రం ఎత్తులో సుమారు 28 శాతం. ఏపీఎస్‌-సీ సెన్సారు ఎత్తు దాదాపు 15.6 మి.మీ. కనుక అదే ప్రతిబింబం అందులో సుమారు 43 శాతం ఆక్రమిస్తుంది. చిన్న సెన్సారు కెమెరాపై 400 మి.మీ. లెన్సు అమర్చితే ఫుల్‌ఫ్రేమ్‌పై 600 మి.మీ. లెన్సు ఇచ్చే దృశ్యకోణమే లభించడానికి కారణం ఇదే. పరిమిత ఆదాయం గల విద్యార్థికి ఈ విషయం ప్రయోజనకరం.

చిత్రమంతా పక్షే నిండాలన్న నియమం లేదు. 24 మెగాపిక్సెళ్ల చిత్రం ఎత్తు 4000 పిక్సెళ్లు అయితే, 28 శాతం అంటే 1100 పిక్సెళ్లకు పైనే. పక్షి జాతిని గుర్తించడానికి, తెరపై చూపడానికి అది చాలు. గూడు, కొమ్మ, పక్కనున్న పిల్లలు కూడా చిత్రంలోకి రావడం అదనపు సమాచారం.

4. గూళ్ల వద్ద దూరం ఎందుకు పాటించాలి

తేలినీలాపురం, తేలుకుంచి పక్షులను సైబీరియా నుంచి వచ్చినవని చెప్పుకోవడం పరిపాటి. గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ, ఓపెన్‌బిల్ కొంగ మూడూ దక్షిణ, ఆగ్నేయ ఆసియా ప్రాంతాల్లోనే సంతానోత్పత్తి చేసే జాతులు. ఈ సవరణకు ఛాయాచిత్రకారుని దృష్టిలో ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. సైబీరియా నుంచి శీతకాలానికి వచ్చే పక్షి ఇక్కడ గూడు కట్టదు. కలత పెడితే మరొక చెరువుకు ఎగిరిపోగలదు. గూటిలో గుడ్లో, పిల్లలో ఉన్న పక్షికి ఆ అవకాశం లేదు. తల్లిపక్షి లేచిపోతే గుడ్లు ఎండకు గురవుతాయి. కాకులకు, గద్దలకు దారి దొరుకుతుంది.

ఈ గ్రామాల ప్రజలు పక్షుల రాకను శుభసూచకంగా భావించి తమ ఇళ్ల మధ్యనే వాటికి చోటిచ్చారు. నిత్యం తిరిగే గ్రామస్థులకు పక్షి అలవాటు పడినంత మాత్రాన చెట్టు కిందికి వచ్చి లెన్సు ఎక్కుపెట్టే కొత్తవారికి కూడా అలవాటు పడుతుందని భావించకూడదు. మెడ నిటారుగా ఎత్తడం, పదేపదే మనవైపు తిరగడం, గూటిలోంచి లేచి నిలవడం కలతకు గుర్తులు. అవి కనిపించిన వెంటనే వెనక్కి జరగాలి. పక్షి తన పనిలో తాను మళ్లీ నిమగ్నమైన చోటే మన స్థానం. ఆ దూరాన్నే పై సూత్రంలో వేసుకోవాలి.

5. కాంతి, బరువు, గాలి

నాభ్యంతరం తేలిన తరువాత ద్వారం ప్రశ్న వస్తుంది. 600 మి.మీ. లెన్సుకు ఎఫ్‌/4 వద్ద ద్వారం వ్యాసం 150 మి.మీ.; ఎఫ్‌/6.3 వద్ద సుమారు 95 మి.మీ. మొదటిది రెండవదానికి రెండున్నర రెట్ల కాంతిని ఇస్తుంది. వేకువన ఎగిరే పక్షికి సెకనులో 2000వ వంతు వేగం కావలసినప్పుడు ఈ తేడా ఉపకరిస్తుంది. అయితే నేటి 600 మి.మీ. ఎఫ్‌/4 లెన్సుల బరువు సుమారు 3 కిలోలు. 600 మి.మీ. వరకు వెళ్లే ఎఫ్‌/6.3 జూమ్ లెన్సులు సుమారు 2 కిలోలతో, ఎన్నో రెట్లు తక్కువ ధరకు లభిస్తాయి. కదలిక నిరోధక వ్యవస్థ మన చేతి వణుకును సరిదిద్దుతుందే కాని పక్షి కదలికను ఆపలేదు. 1.4 రెట్ల టెలికన్వర్టరు నాభ్యంతరాన్ని పెంచుతుంది, కాంతిని సగానికి తగ్గిస్తుంది.

ఏ లెన్సూ తీర్చలేని సమస్య మరొకటి ఉంది. మధ్యాహ్నం వేడెక్కిన నేలపై గాలి తరంగాలుగా కదులుతుంది. తేలినీలాపురం సమీపంలోని నౌపడ ఉప్పుమడుల వంటి బయలు ప్రదేశాల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఆ గాలి గుండా తీసిన చిత్రం ఎంత విలువైన లెన్సుతోనైనా మసకబారుతుంది. దానికి నివారణ ఉదయపు వేళను ఎంచుకోవడమే.

6. ముగింపు

రామతీర్థం కొండదారుల్లో నడుస్తూ తీసేవారికి ఏపీఎస్‌-సీ కెమెరా, 100–400 మి.మీ. తేలికపాటి జూమ్ సరిపోతాయి. గూళ్లున్న చోట దారి విడవకుండా నిలబడి తీసేవారికి 600 మి.మీ. వరకు వెళ్లే జూమ్, ఒంటికాలి స్టాండు అనువైనవి. ఎఫ్‌/4 లెన్సు వేకువ వెలుగులో నిరంతరం పనిచేసేవారికి అవసరం కావచ్చు. ముందు లెన్సు కొని, అది చాలని చోట అడుగులు ముందుకు వేయడం ప్రస్తుతం కనిపిస్తున్న క్రమం. దానిని తిరగవేసి పక్షి అనుమతించిన దూరంతో మొదలుపెడితే లెన్సు ఎంపిక సులభమవుతుంది. ఉన్న లెన్సు ఆ దూరానికి చాలకపోతే, చిత్రంలో పక్షి చిన్నదిగానే ఉండనివ్వాలి.