జర్మనీ ప్రభుత్వ మాంటిస్సోరి బడులు: చదువు, వైవిధ్యం

తెలుగునాట మాంటిస్సోరి అనే మాట ఎక్కువగా రుసుము చెల్లించి చేర్పించే ప్రైవేటు బడుల పేరుపలకలపై కనిపిస్తుంది. ఆ పద్ధతి పుట్టింది మాత్రం పేదల వాడలో. వైద్యురాలైన మరియా మాంటిస్సోరి 1907 జనవరి 6న రోమ్ నగరంలోని సాన్ లొరెంజో అనే కార్మికవాడలో తొలి బాలల గృహాన్ని ప్రారంభించారు. అంతకుముందు ఆమె బుద్ధిమాంద్యం గల పిల్లలతో పనిచేశారు. వారికి ఉపకరించిన బోధన పరికరాలనే మెరుగుపరచి ఈ పిల్లల ముందుంచారు. చదువు రాదని సమాజం ముందే తీర్మానించిన పిల్లలే ఈ పద్ధతికి తొలి విద్యార్థులన్నమాట.

జర్మనీలో ఈ మూలాన్ని మరువని వ్యక్తి క్లారా గ్రున్‌వాల్డ్. బెర్లిన్‌లో ఉపాధ్యాయినిగా పనిచేసిన ఈ యూదు మహిళ, మొదటి ప్రపంచయుద్ధం తరువాత మాంటిస్సోరి విద్యను కార్మికుల పిల్లలకు అందించడానికి పాటుపడ్డారు. నాజీలు అధికారానికి వచ్చాక ఆమె ఉద్యోగం పోయింది, మాంటిస్సోరి బడులు మూతపడ్డాయి. 1943 ఏప్రిల్‌లో ఆమెను ఆష్విట్జ్‌కు తరలించి చంపారు. నేడు బెర్లిన్‌లోని క్రాయిట్స్‌బెర్గ్‌లో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఆమె పేరు ధరించి ఉన్నది. కొలోన్, ఆఖెన్ వంటి నగరాలలోనూ బోధన రుసుము లేని ప్రభుత్వ మాంటిస్సోరి ప్రాథమిక పాఠశాలలు నడుస్తున్నాయి.

జర్మనీలో ప్రాథమిక పాఠశాలకు ప్రత్యేకమైన బరువు ఉన్నది. అన్ని వర్గాల పిల్లలూ ఒకే బడిలో చదవాలని 1920 నాటి చట్టం నిర్దేశించింది. కాని ఆ సహజీవనం ఎక్కువ రాష్ట్రాలలో నాలుగో తరగతితోనే ముగుస్తుంది. బెర్లిన్, బ్రాండెన్‌బర్గ్‌లలో మాత్రం ఆరో తరగతి దాకా సాగుతుంది. ఆ తరువాత విశ్వవిద్యాలయానికి దారితీసే గిమ్నాజియంకు కొందరు, ఇతర బడులకు మిగిలినవారు విడిపోతారు. పదేళ్ళ ప్రాయంలో జరిగే ఈ విభజనలో కుటుంబ నేపథ్యం ఎంత బలంగా పనిచేస్తుందో పీసా 2000 ఫలితాలు వెల్లడించినప్పుడు దేశమంతా ఉలిక్కిపడింది. 2021లో జరిగిన అంతర్జాతీయ పఠన పరీక్షలో నాలుగో తరగతి పిల్లలలో సుమారు నాలుగోవంతు కనీస స్థాయిని అందుకోలేకపోయారు.

ఇటువంటి చోట మాంటిస్సోరి తరగతి చేసే పని ఏమిటి? అక్కడ వేర్వేరు వయసుల పిల్లలు ఒకే గదిలో కూర్చుంటారు. అందరికీ ఒకే సమయంలో ఒకే పాఠం ఉండదు. ఒక పూస ఒకటి, పది పూసల కడ్డీ పది, పది కడ్డీల పలక నూరు, పది పలకల ఘనం వేయి. హైదరాబాదు నుంచి నిన్ననే వచ్చి, జర్మన్ మాట ఒక్కటీ తెలియని పిల్లవాడు కూడా ఈ పూసలతో స్థానవిలువను చేతితో తెలుసుకోగలడు. నిరుడు అదే పని నేర్చిన పెద్దపిల్ల అతనికి చూపిస్తుంది, చూపించడంలో తనకు తెలిసినది మరింత గట్టిపడుతుంది. అయితే పూసలు భాషను నేర్పవు. మూడో తరగతిలో జరిగే రాష్ట్రాల ఉమ్మడి పరీక్షలో గణిత ప్రశ్నను కూడా జర్మన్‌లోనే చదివి గ్రహించాలి. కనుక భాషాబోధనకు ప్రత్యేక శ్రద్ధ లేని మాంటిస్సోరి బడి వైవిధ్యానికి సగమే న్యాయం చేస్తుంది.

ఫలితాల మాటకు వస్తే, వైద్యంలో మందు గుణాన్ని నిర్ధారించేటప్పుడు తీసుకునే జాగ్రత్త ఇక్కడా అవసరం. మందు తీసుకున్నవారు మొదటినుంచీ ఆరోగ్యవంతులైతే కోలుకున్న ఘనత మందుది కాదు. అలాగే చదువుకున్న తల్లిదండ్రులు ఏరికోరి చేర్పించిన బడిలో మార్కులు బాగుంటే ఆ ఘనత పద్ధతిదో కుటుంబానిదో చెప్పలేము. అమెరికాలో కొన్ని ప్రభుత్వ మాంటిస్సోరి బడులు లాటరీ ద్వారా ప్రవేశం ఇవ్వడంతో ఈ చిక్కు కొంత తీరింది. హార్ట్‌ఫర్డ్ నగరంలో లాటరీలో సీటు వచ్చినవారిని, రానివారిని కలిపి 141 మంది చిన్నపిల్లలను మూడేళ్ళు పరిశీలించి, 2017లో ఫలితాలు ప్రకటించారు. మొదట సమానంగా ఉన్న రెండు గుంపులలో మాంటిస్సోరి పిల్లలు ముందుకు సాగారు, వారిలో పేద, ధనిక పిల్లల మధ్య అంతరం తగ్గింది. మిల్వాకీ నగరంపై 2006లో వెలువడిన అధ్యయనంలో అయిదేళ్ళవారికి చదవడంలో, లెక్కలలో స్పష్టమైన లాభం కనిపించింది. పన్నెండేళ్ళవారిలో ఆ విషయాలలో అంత తేడా లేదు, వ్యాసరచనలో మాత్రం వారు మెరుగు. ఇవి చిన్న అధ్యయనాలు, అమెరికావి. జర్మన్ బడులకు యథాతథంగా వర్తించవు. కాని భిన్న నేపథ్యాల పిల్లలు కలిసి కూర్చుంటే చదువు పలచబడుతుందనే భయాన్ని ఇవి బలపరచడం లేదు.

అసలు ప్రమాదం మరొకటి. ప్రైవేటు బడులు తల్లిదండ్రుల ఆస్తిని బట్టి పిల్లలను వేరుచేయడాన్ని ప్రోత్సహించరాదని జర్మన్ రాజ్యాంగం ఏడవ అధికరణం చెబుతున్నది. ప్రభుత్వ బడిలో రుసుము అడ్డు లేకపోయినా సమాచారం అడ్డు కావచ్చు. తల్లిదండ్రులు బడిని ఎంచుకునే వీలున్న చోట మాంటిస్సోరి పేరు విన్నవారు ముందే దరఖాస్తు చేస్తారు. పక్క వీధిలోనే ఉంటున్న శరణార్థి కుటుంబానికి ఆ బడి ఏమిటో ఎవరూ చెప్పరు. అప్పుడు బడి సగటు పెరుగుతుంది, వైవిధ్యం తరుగుతుంది.

కనుక ఇటువంటి బడిని తూచేవారు సగటు మార్కులను ఒక్కటే చూడరాదు. ఎవరు చేరారు, చేరిన నాటి నుంచి ప్రతి పిల్లవాడూ ఎంత ముందుకు వెళ్ళాడు అన్న రెండు ప్రశ్నలనూ కలిపి అడగాలి. సాన్ లొరెంజో పిల్లలకు చోటు దొరకని బడి మాంటిస్సోరి పరికరాలు ఉన్న బడి అవుతుందే గాని, మాంటిస్సోరి ఉద్దేశించిన బడి కాదు.