కొండ మీద మంట... ముందు ఎవరిని దించాలి?

ఫిబ్రవరి దాటితే చాలు, రాత్రిపూట సాలూరు నుంచి పి.కోనవలస ఘాట్ మీదుగా ఒడిశా వెళ్లేవాళ్లకి కొండల మీద ఎర్రటి గీతలు కనిపిస్తుంటాయి. దూరం నుంచి చూస్తే కొండకి ఎవరో దీపాల దండ వేసినట్టే ఉంటుంది. బండి ఆపి, వీడియో తీసి, స్టేటస్ పెట్టుకునేవాళ్లూ ఉంటారు. మాది పాచిపెంట వైపు కాబట్టి ఆ గీత చూడగానే నాకు వచ్చే ప్రశ్న వేరు: దానికి పైన ఏ ఊరుంది? అక్కడ నడవలేని వాళ్లు ఎంతమంది?

నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే మొదటి ఫోన్ ఎవరికి వెళ్లాలి, వాళ్లు ఎత్తకపోతే తర్వాత ఎవరికి అనే పట్టిక మా టీమ్ దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఒక యాప్ పది నిమిషాలు ఆగిపోతేనే ఇంత ఏర్పాటు. మరి కొండ మీద ఊరికి నిప్పు దగ్గరవుతుంటే ఎవరు ఎవరికి చెప్పాలి?

మన మంట పాకుతుంది

కార్చిచ్చు అనగానే మనకి ఫోన్లో చూసిన కాలిఫోర్నియా గుర్తొస్తుంది. చెట్ల కొసల మీదుగా ఎగిరే మంటలు, వరసగా కాలిపోయే వీధులు. తూర్పు కనుమల్లో మంట ఎక్కువగా నేల మీద పాకుతుంది. ఇక్కడి చెట్లు ఎండాకాలానికి ఆకు రాలుస్తాయి. మార్చి వచ్చేసరికి అడవి నేలంతా కరకరలాడే ఎండుటాకులే. ఒక్క నిప్పురవ్వ చాలు.

ఆ రవ్వ రకరకాలుగా వస్తుంది. పోడు కోసం కొట్టిన పొదలు కాలుస్తారు. ఇప్పపువ్వు ఏరుకోడానికి చెట్టు కింద ఆకు తగలబెడతారు. దారిన పోయేవాళ్లు బీడీ ముక్క విసురుతారు. తరాలుగా పోడు చేసేవాళ్లకి మంటని ఎలా కట్టడి చెయ్యాలో తెలుసు. చుట్టూ ఆకు ఊడ్చి, గాలి చూసుకుని నిప్పు పెడతారు. గాలి ఒక్కసారి తిరిగితే మాత్రం ఎవరి చేతిలోనూ ఉండదు.

ఇది చిన్న సంగతి కాదు. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2023 నివేదిక ప్రకారం 2023-24 సీజన్‌లో దేశంలో ఎక్కువ అటవీ విస్తీర్ణం మంటల బారిన పడిన రాష్ట్రం మనదే. 5,286 చదరపు కిలోమీటర్లు!

పాకే మంట మనుషుల ప్రాణం తియ్యకపోయినా బతుకు తీసేస్తుంది. జీడితోట కాలితే మళ్లీ మొక్క నాటి, కాపు కోసం ఏళ్లు ఎదురుచూడాలి. కొండచీపుళ్లు, అడ్డాకులు పోతే ఆ ఏడు సంతకి తీసుకెళ్లడానికి ఏమీ ఉండదు. నిప్పురవ్వ గడ్డి కప్పు మీద పడితే తిండిగింజలు, విత్తనాలు, ఆధార్, రేషన్ కార్డు అన్నీ ఒకేసారి బూడిద.

ఉపగ్రహం చూసేలోపు

ఆకాశం నుంచి కాపలా ఉంది కదా అంటారు. నిజమే. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహ డేటాతో మంటల్ని గుర్తించి అటవీ సిబ్బందికి ఎస్సెమ్మెస్ పంపుతుంది. ఇందులో ముఖ్యమైనది వీర్స్ అనే సెన్సర్. 375 మీటర్ల గడిగా నేలని చూస్తూ, వేడి ఎక్కడ పెరిగిందో పట్టుకుంటుంది.

కానీ సువోమీ ఎన్‌పీపీ లాంటి ఉపగ్రహం మన నెత్తి మీదకి వచ్చేది సుమారు మధ్యాహ్నం ఒకటిన్నరకి, మళ్లీ రాత్రి ఒకటిన్నరకి. మధ్యాహ్నం మూడింటికి రాజుకున్న మంటని అది చూడాలంటే అర్ధరాత్రి దాటాలి. తర్వాత డేటా దిగాలి, మెసేజ్ వెళ్లాలి, బీట్ ఆఫీసర్ ఫోన్‌కి సిగ్నల్ ఉండాలి, ఆయన కొండెక్కాలి. మా భాషలో దీన్ని లేటెన్సీ అంటారు. అడవి మొత్తం మీద ఎక్కడెక్కడ కాలుతోందో తెలుసుకోడానికి ఈ వ్యవస్థ చాలా గొప్పది. ఒక గూడెంలో ముసలమ్మని సమయానికి దించడానికి మాత్రం ఇదొక్కటే చాలదు.

సాలూరు నుంచి ఫైరింజన్ బయల్దేరినా రోడ్డు ఉన్నంతవరకే వస్తుంది. 108 కూడా అంతే. అక్కడి నుంచి పైకి కాలిబాటే.

డబ్బున్న చోట కూడా ఇంతే

2025 జనవరి 7 సాయంత్రం లాస్ ఏంజెలిస్ పక్కన ఈటన్ మంట మొదలైంది. ప్రపంచంలోనే ఖరీదైన అగ్నిమాపక వ్యవస్థల్లో ఒకటి అక్కడుంది. అయినా అల్టడీనా పట్టణం పడమటి వైపు వాళ్లకి ఊరు ఖాళీ చెయ్యమన్న ఆదేశం అందింది తెల్లవారుజామున మూడు దాటాక, అంటే దాదాపు 9 గంటల తర్వాత. ఆ మంటలో చనిపోయినవాళ్లు దాదాపు అందరూ ఆ వైపు వాళ్లే.

అంతకుముందు 2018 నవంబర్ 8న అదే రాష్ట్రంలో పారడైజ్ అనే కొండ పట్టణం కాలిపోయింది. 85 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది 65 ఏళ్లు దాటినవాళ్లు. చాలామందికి హెచ్చరికే అందలేదు. అందినవాళ్లలో కొందరు కదల్లేని స్థితిలో ఉన్నారు.

లాస్ ఏంజెలిస్ మంటలప్పుడే వాచ్ డ్యూటీ అనే యాప్ పేరు మారుమోగింది. దాని వెనుక పెద్ద కంపెనీ ఏమీ లేదు. లాభాపేక్ష లేని సంస్థ అది. రిటైరైన ఫైర్ సిబ్బంది, వలంటీర్లు రేడియో సంభాషణలు వింటూ, సరిచూసుకుంటూ మ్యాప్ మీద పెడతారు. ఇంజినీర్‌గా నాకు నచ్చిన సంగతి ఇదే: యాప్‌లో అసలు పని చేసేది మనుషుల చెవులు, మనుషుల నమ్మకం.

పొరుగువాడే మొదటి దిక్కు

2016 మే 3న కెనడాలో ఫోర్ట్ మెక్‌ముర్రే నగరాన్ని ఖాళీ చేయించారు. సుమారు 88 వేలమంది బయటపడాలి. దక్షిణానికి పోయే హైవే ఒక్కటే. దాదాపు 2,400 కట్టడాలు కాలిపోయాయి. మంటల్లో చిక్కుకుని మాత్రం ఒక్కరూ చనిపోలేదు. దారి పొడవునా పెట్రోలు అయిపోయి ఆగిన కార్లకి తెలియనివాళ్లు డబ్బాలతో తెచ్చి పోశారు. ఆ దేశానికి వచ్చి కొన్ని నెలలే అయిన సిరియా శరణార్థులు కాల్గరీలో సామాన్లు పోగు చేసి పంపారు. ఇల్లు పోవడమంటే ఏంటో వాళ్లకి తెలుసు మరి.

మన దగ్గరి ఉదాహరణ తమిళనాడులోని కురంగణి. 2018 మార్చి 11న తేని జిల్లా కొండల్లో ట్రెకింగ్‌కి వెళ్లినవాళ్లు మంటల్లో చిక్కుకున్నారు. 23 మంది ప్రాణాలు పోయాయి. వైమానిక దళం కూడా రంగంలోకి దిగింది. కానీ చీకట్లో దారి తెలిసి కొండెక్కింది, దుప్పట్లని స్ట్రెచర్లుగా చేసి కాలిన మనుషుల్ని దించింది స్థానికులే.

దుప్పటి స్ట్రెచర్ అంటే మన్యంలో ఎవరికైనా వెంటనే అర్థమవుతుంది. మనం దాన్ని డోలీ అంటాం. గిరిశిఖర గ్రామాల్లో గర్భిణిని ఆసుపత్రికి చేర్చాలంటే ఇప్పటికీ డోలీ మోతే దిక్కయిన చోట్లు ఉన్నాయి. అది మన సిగ్గు. రోడ్డు వెయ్యాల్సిందే, అందులో మాటే లేదు. కానీ ఆ రోడ్డు వచ్చేదాకా, బండి రాని చోట మనిషిని భుజాల మీద దించే నేర్పు ఆ ఊళ్లకే ఉంది. పచ్చి కొమ్మలతో మంటని కొట్టడం, ఆకు ఊడ్చి బాట తియ్యడం, ఇల్లు కాలినవాళ్లకి తలా ఇన్ని గింజలు ఇచ్చి, అందరూ కలిసి కప్పు వేసి నిలబెట్టడం కూడా వాళ్లకి కొత్త కాదు.

లేనిదల్లా ఆ నేర్పు సమయానికి కదిలేలా ముందే రాసిపెట్టుకున్న ఏర్పాటు.

వేసవికి ముందే ఒక కాగితం

దీనికి యాప్ అక్కర్లేదు. ఊరికి ఒక కాగితం చాలు. అందులో నాలుగు సంగతులుండాలి.

ఒకటి, కబురు. పొగ చూసినవాళ్లు ఎవరికి చెప్పాలి, వాళ్లు పక్క గూడేనికి ఎలా చేరవెయ్యాలి. సిగ్నల్ ఉన్న చోటు ఏ బండ మీదో ఊళ్లో అందరికీ తెలిసే ఉంటుంది. అదీ రాసుకోండి. ఫోన్ అందకపోతే డప్పు ఉంది, బారికి కేక ఉంది. "బావా, మీ పైన పొగ కనబడతంది, ముసలోళ్లని దింపండి" అన్న ఒక్క మాట రెండు గంటలు ముందు చేరితే చాలు.

రెండు, మనుషులు. నడవలేనివాళ్లు, నెలలు నిండినవాళ్లు, మంచం పట్టినవాళ్లు ఏ ఇంట్లో ఉన్నారు, ఒక్కొక్కరిని మొయ్యడానికి ఎవరెవరు వస్తారు. పేర్లతో సహా. ఈ వివరం ఆశా కార్యకర్త దగ్గర సగం ఉంటుంది. పనులకి వలస పోయినవాళ్ల పేర్లు కొట్టేసి ఏటా మార్చాలి. డోలీ మొయ్యాల్సిన కుర్రాడు ఆ రోజు విజయవాడలో ఉంటే కాగితం ఎందుకూ పనికిరాదు.

మూడు, దారి, చోటు. మంట సాధారణంగా ఎగువకి త్వరగా ఎక్కుతుంది. అందుకే కింద మంట ఉంటే పైకి పరుగెత్తకూడదు. గాలికి అడ్డంగా, పక్కగా తప్పుకుని, ఆకు లేని దున్నిన చేను వైపో గెడ్డ వైపో పోవాలి. కింద ఏ బడిలో ఆగాలో ముందే అనుకోవాలి. పశువుల పలుపులు ఎవరు విప్పాలో కూడా.

నాలుగు, కాగితాలు. ఆధార్, పట్టా, బ్యాంకు పుస్తకం ఫొటోలు తీసి ఒక నమ్మకమైన మనిషి ఫోన్లో దాచాలి. ఇల్లు కాలాక సాయం కోసం తిరిగేటప్పుడు వాటి విలువ తెలుస్తుంది.

2023లో మనందరి ఫోన్లూ ఒక్కసారిగా గట్టిగా మోగి టెస్ట్ అలర్ట్ వచ్చింది గుర్తుందా? ఆ సాంకేతికత కొండలదాకా రావాలి, దానికి ముందు టవర్లు రావాలి. వాటికోసం అడుగుతూనే ఉందాం.

ఈలోగా కాలేజీలో ఉన్నా, హైదరాబాద్, బెంగళూరులో ఉద్యోగంలో ఉన్నా, సంక్రాంతికి ఊరెళ్లే ప్రతి కుర్రాడూ కుర్రదీ చెయ్యగల పని ఇది. ఒక సాయంత్రం పెద్దల్ని కూచోబెట్టి అడగండి, రాయండి, చదివి వినిపించండి, రచ్చబండ దగ్గర గోడకి అతికించండి. మంటలు మొదలయ్యేది ఫిబ్రవరిలో. పండక్కీ దానికీ మధ్య నెల కూడా ఉండదు.