పొదిగే వరకూ ఓపిక!

బంగారు గుడ్డు పెట్టే బాతు కథ తెలియనివారుండరు. యజమాని ఆత్రమే దాని ప్రాణం తీసింది. పెద్దబాతు గుడ్లను ఇంక్యుబేటర్లో పొదిగించేవారికీ ఆ కథ పాఠమే!

కోడిగుడ్డుకు 21 రోజులు చాలు. పెద్దబాతు గుడ్డుకు 28 నుంచి 32 రోజులు పడుతుంది. వేడి 37.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలకడగా ఉండాలి. రోజుకు మూడు నాలుగుసార్లయినా గుడ్లను తిప్పాలి. లేదంటే పిండం లోపలి పొరకు అతుక్కుపోతుంది. పది రోజులకు చీకట్లో టార్చిలైటు పెట్టి చూస్తే రక్తనాళాలు సాలెగూడులా కనిపిస్తాయి. అవి లేని గుడ్లను తీసేయాలి.

అసలు పరీక్ష చివర్లోనే. ఆఖరి మూడు రోజులూ గుడ్లను కదపకూడదు, తేమ పెంచాలి. పిల్ల పెంకుకు చిన్న చిల్లు పెట్టి, గంటల తరబడి ఊరుకుంటుంది. పాపం అలసిపోయిందని పెంకు ఒలిచారో... ప్రమాదమే! మిగిలిన పచ్చసొన పొట్టలోకి చేరేది, పొరలోని రక్తనాళాలు ఎండేది ఆ సమయంలోనే. ముందే చీలిస్తే రక్తం కారి పిల్ల చనిపోవచ్చు. ఒక రోజు పట్టినా ఆగాల్సిందే.

ఈలోగా గూడు సిద్ధం చేసుకోవాలి. మొదటి వారం 32 డిగ్రీల వెచ్చదనమిచ్చే బల్బు, కాళ్లు జారని నేల, ముక్కు మునిగేంత లోతున్న నీళ్ల గిన్నె ఉండాలి. పిల్ల అందులో పడిపోకుండా చూడాలి.

గుడ్డులోంచి రాగానే ఎదుట కదిలిన ప్రాణినే ఈ పిల్లలు తల్లి అనుకుంటాయి. వాటిని పరిశీలించిన ఆస్ట్రియా శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్‌ వెనకాల అవి బారులు తీరి నడిచేవి. జంతువుల ప్రవర్తనపై పరిశోధనలకుగానూ ఆయన 1973లో నోబెల్ పంచుకున్నారు. మనిషి కాస్త పక్కకు వెళ్తే ఒంటరి పిల్ల బెంగతో అరుస్తూనే ఉంటుంది. అందుకే రెండు మూడింటిని కలిపి పెంచడమే మేలు.