పిల్లనగ్రోవి పలకకపోతే పిల్లవాడి తప్పా?
తిరునాళ్లలో కొనేముందు చూసుకోవలసినవి

నరసరావుపేట: శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లంటే ముందుగా గుర్తొచ్చేవి ప్రభలు. ఆ తర్వాత పిల్లలకు గుర్తుండేది, పొడవాటి గెడకు గుత్తిగా పిల్లనగ్రోవులు గుచ్చుకుని, ఒకటి పెదవికి ఆనించి సినిమా పాట ఊదుకుంటూ తిరిగే అమ్మకందారు. పాట వినగానే పిల్లలు మారాం చేస్తారు. తండ్రి కొనిస్తాడు. ఇంటికొచ్చాక అది బుస్సుమంటుందే తప్ప పాడదు. మూడోనాటికి చూరెక్కుతుంది. "వీడికి ఊపిరి లేదు, సంగీతం మన ఇంటా వంటా లేదు" అని పెద్దలు తేల్చేస్తారు.

నిజానికి చాలాసార్లు లోపం పిల్లల్లో ఉండదు. వెదురులో ఉంటుంది. ఈ సంగతి తేల్చుకునేందుకు నాలుగు రకాలు తెచ్చి, రామాలయంలో భజన హార్మోనియం పక్కన పెట్టుకుని ఊది చూడటం జరిగింది.

నాలుగూ నాలుగు తీర్లు

మొదటిది నోట్లో పెట్టుకుని నిలువుగా ఊదేది. దీని మొదట్లో చిన్న చెక్క బిరడా ఉంటుంది. గాలికి దారి అదే చూపిస్తుంది గనుక తొలి ఊపులోనే పలికింది. చిన్నపిల్లలు కూడా ఊదగలరు. అయితే హార్మోనియంతో కలిపితే రెండు స్వరాలు పక్కకు జరిగాయి. ఇందులో పెదవితో సర్దుకునే వీలు తక్కువ. అలాగని ఈ తరహా అంతా ఆటవస్తువేనని తీసిపారేయరాదు. 1843లో ఇంగ్లండులో రాబర్ట్ క్లార్క్ అనే ఆయన ఇదే పద్ధతిలో ఆరు రంధ్రాలతో రేకు ఈల చేసి అమ్మారు. ఐర్లండు జానపద సంగీతంలో ఆ రేకు ఈలది పెద్దపీట.

రెండోది అడ్డంగా ఊదే ఆరు రంధ్రాల వెదురుది. పెదవి కుదరడానికే కొన్నాళ్లు పడుతుంది. ఒకే పొడవున్న మూడింటిని ఊదితే మూడూ మూడు శ్రుతుల్లో పలికాయి. వెదురు లోపలి వెడల్పు, గోడ మందం, రంధ్రాల సైజు ఒకదానికొకటి తేడాగా ఉండటమే కారణం.

మూడోది కర్ణాటక కచేరీ వేణువు. ఊదే రంధ్రం కాక ఎనిమిది రంధ్రాలుంటాయి. శ్రుతి చూసి చేస్తారు గనుక హార్మోనియంతో చక్కగా కలిసింది. ధర ఎక్కువ. మరీ పొడవుదైతే పిల్లల వేళ్లు అందవు. అలాగని పిల్లల వల్ల కాదనుకోవద్దు. వేణు విద్వాంసుడు టి.ఆర్. మహాలింగం (1926-1986) ఏడేళ్లకే కచేరీ చేశారు.

నాలుగోది ప్లాస్టిక్ గొట్టం. ఎండకు పగలదు, పురుగు పట్టదు. అచ్చులో పోసిందాయె, ఒకటి బాగుంటే ఆ రకమంతా ఇంచుమించు బాగుంటుంది. ఒకటి చెడితే అన్నీ అంతే.

కొనేముందు పరీక్షలు

* అమ్మకందారు చేతిలోది కాదు, మీకిచ్చేదే ఊదించండి. అనుభవం ఉన్నవారు పెదవి వంపుతోనే తప్పు స్వరాన్ని సరిదిద్దుకుంటారు. కొత్తవారికి అది చేతకాదు.

* వేళ్లతో రంధ్రాలన్నీ మూసి, అడుగు చివరను మరొకరి అరచేతితో మూయించి, ఊదే రంధ్రం నుంచి గాలి పీల్చండి. లోపల బిగువు నిలవాలి. గాలి వస్తూనే ఉంటే ఎక్కడో సన్నని పగులు ఉన్నట్లే.

* రంధ్రాలన్నీ మూసి మెల్లగా ఊదండి. వేళ్లు తీయకుండా కాస్త బలంగా ఊదితే అదే స్వరం పై స్థాయిలో పలకాలి. అలా పలకనిది తర్వాత పాటకు లొంగదు.

* వెలుతురుకు పట్టి లోపల చూడండి. పీచులు, పగుళ్లు ఉండరాదు. వెదురు పచ్చిగా ఉంటే వద్దు. ఆరేటప్పుడు పగులుతుంది.

* పిల్లల వేళ్లు ఆనించి చూడండి. రంధ్రాలు పూర్తిగా మూతపడకపోతే ఎంత మంచిదైనా బుస్సుమనే మోగుతుంది.

శ్రుతి చూడటానికి ఇప్పుడు హార్మోనియమే అక్కరలేదు. సెల్‌ఫోన్‌లో తంబురా శ్రుతి పెట్టుకుని పోల్చుకోవచ్చు.

ఎవరికి ఏది?

సరదా పడే పసివారికి నోట్లో పెట్టి ఊదేది చాలు. సొంతంగా నేర్చుకోవాలనే పిల్లలకు ఈ పరీక్షల్లో నిలిచిన ఆరు రంధ్రాలది మేలు. గురువు దగ్గర చేరేవారు ఆయన ఏ శ్రుతి చెబితే అదే కొనాలి. ఊదాక లోపలి తడి గుడ్డతో తుడవాలి. ఎండలో వదలకూడదు. అప్పుడప్పుడు కాస్త నూనె పట్టించాలి.

మీ ఇంటి చూరులో పాత పిల్లనగ్రోవి ఉంటే దింపి, ముందు గాలి పరీక్ష చేయండి. అది పగిలి ఉంటే, పిల్లలను అన్న మాట వెనక్కు తీసుకుని, ఈసారి చూసి కొనివ్వండి.